గ్యారీ కిల్డాల్

గ్యారీ ఆర్లెన్ కిల్డాల్ (మే 19, 1942 - జూలై 11, 1994) అమెరికాకు చెందిన సుప్రసిద్ధ కంప్యూటర్ శాస్త్రవేత్త, అధ్యాపకుడు, డిజిటల్ రీసెర్చ్ సంస్థ వ్యవస్థాపకుడు. మైక్రోప్రాసెసర్లపై పనిచేసే తొలి ఉన్నతస్థాయి ప్రోగ్రామింగ్ భాష అయిన పీఎల్/ఎం, చిన్న కంప్యూటర్లకు విస్తృతంగా వాడుకలోకి వచ్చిన తొలి ఆపరేటింగ్ సిస్టం అయిన సీపీ/ఎం ఈయన సృష్టించినవే. కంప్యూటర్ మీట నొక్కిన వెంటనే అందరికీ గుర్తుకు వచ్చే బయోస్ అనే మాట, ఆ మాట వెనుక ఉన్న భావన కూడా ఈయనవే. నేడు లినక్స్ సర్వర్లలో వాడే లైలో, గ్రబ్ వంటి బూట్‌లోడర్లు ఏ అంచెలవారీ పద్ధతిలో పనిచేస్తాయో, ఆ పద్ధతిని చిన్న కంప్యూటర్లలో స్థిరపరచినవారిలో కిల్డాల్ ముఖ్యుడు. ఐబీఎం సంస్థతో 1980లో కుదరని ఒప్పందం కారణంగా ఈయన పేరు చాలాకాలం మరుగున పడిపోయింది.

బాల్యం, విద్యాభ్యాసం

కిల్డాల్ వాషింగ్టన్ రాష్ట్రంలోని సియాటిల్ నగరంలో జన్మించాడు. వీరిది నార్వే, స్వీడన్ మూలాలు గల నావికుల కుటుంబం. ఈయన తాత నెలకొల్పిన నౌకాయాన పాఠశాలను తండ్రి నిర్వహించేవాడు. సముద్రంపై దిక్కులు, దూరాలు లెక్కగట్టడం నేర్పే ఆ పాఠశాలలోనే కిల్డాల్ కొంతకాలం పాఠాలు చెప్పాడు. గణిత అధ్యాపకుడు కావాలన్న కోరికతో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో చేరాడు. అక్కడ కంప్యూటర్లతో పరిచయం కలగడంతో ఆసక్తి అటువైపు మళ్ళింది. 1963లో తన చిన్ననాటి స్నేహితురాలు డొరతీ మెక్‌ఎవెన్‌ను వివాహం చేసుకున్నాడు. వీరికి ఇద్దరు సంతానం.

వియత్నాం యుద్ధకాలంలో నిర్బంధ సైనిక సేవ క్రింద కిల్డాల్ నౌకాదళంలో చేరవలసి వచ్చింది. అయితే యుద్ధరంగానికి వెళ్ళే బదులు కాలిఫోర్నియాలోని మాంటెరే పట్టణంలో ఉన్న నౌకాదళ స్నాతకోత్తర విద్యాలయంలో అధ్యాపకునిగా నియమితుడయ్యాడు. సేవాకాలం ముగిసిన తరువాత కూడా అక్కడే బోధన కొనసాగించాడు. 1972లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేట్ పట్టా పొందాడు. కంపైలర్లలో ప్రోగ్రాములను మెరుగుపరచే విధానంపై 1973లో ఈయన ప్రచురించిన పరిశోధనా పత్రం నేటికీ కంప్యూటర్ శాస్త్ర విద్యార్థులకు పాఠ్యాంశంగా ఉన్నది. వ్యాపారవేత్తగా పేరు పొందక ముందే ఈయన పండిత లోకంలో గుర్తింపు పొందాడని దీనివలన తెలుస్తుంది.

ఇంటెల్‌తో అనుబంధం

మాంటెరే పట్టణం సిలికాన్ లోయకు ఎంతో దూరంలో లేదు. 1971లో ఇంటెల్ సంస్థ 4004 అనే తొలి మైక్రోప్రాసెసర్‌ను విడుదల చేసింది. కిల్డాల్ ఒక చిప్‌ను తెప్పించుకొని దానికి ప్రోగ్రాములు వ్రాయడం మొదలుపెట్టాడు. ఆ చిప్ చేసే పనిని పెద్ద కంప్యూటర్‌పై అనుకరించే ప్రోగ్రామును కూడా తయారుచేశాడు. దీనితో ఇంటెల్‌కు దగ్గరై, సెలవు దినాలలో ఆ సంస్థకు సలహాదారుగా పనిచేశాడు.

అప్పట్లో మైక్రోప్రాసెసర్లను ట్రాఫిక్ దీపాలు, తూకపు యంత్రాలు వంటి పరికరాలలో అమర్చే విడిభాగాలుగానే ఎక్కువమంది భావించేవారు. వాటితో పూర్తిస్థాయి కంప్యూటర్‌ను నిర్మించవచ్చునని కిల్డాల్ నమ్మాడు. 8008, 8080 చిప్‌ల కొరకు పీఎల్/ఎం భాషను రూపొందించాడు. అంతకు ముందు ఇటువంటి చిప్‌లకు యంత్రభాషలోనో, అసెంబ్లీ భాషలోనో మాత్రమే ప్రోగ్రాములు వ్రాయవలసి వచ్చేది.

సీపీ/ఎం ఆవిర్భావం

ఇంటెల్ ఇచ్చిన చిన్న కంప్యూటర్ కిల్డాల్ వద్ద ఉన్నప్పటికీ, ప్రోగ్రాములను భద్రపరచడానికి చిల్లులు పొడిచిన కాగితపు చుట్టలే ఆధారం. వీటిని చదవడానికి చాలా సమయం పట్టేది. షుగార్ట్ సంస్థ నుండి ఆయనకు వాడిన ఫ్లాపీ డ్రైవ్ ఒకటి లభించింది. దానిని కంప్యూటర్‌కు కలపవలసిన ఎలక్ట్రానిక్ పరికరాన్ని తయారుచేయడం మాత్రం ఈయనకు సాధ్యపడలేదు. విశ్వవిద్యాలయ మిత్రుడు జాన్ టొరోడ్ ఆ పరికరాన్ని నిర్మించి ఇచ్చాడు. 1974లో పసిఫిక్ గ్రోవ్ పట్టణంలోని ఇంటిలో ఆ ఫ్లాపీ నుండి సీపీ/ఎం తొలిసారిగా పనిచేసింది.

దీనిని మొదట ఇంటెల్‌కు చూపించగా ఆ సంస్థ ఆసక్తి చూపలేదు. అప్పుడు కిల్డాల్ దంపతులు తమ ఇంటినుండే ఒక సంస్థను ప్రారంభించారు. ఇంటర్‌గెలాక్టిక్ డిజిటల్ రీసెర్చ్ అన్న మొదటి పేరు తరువాత డిజిటల్ రీసెర్చ్‌గా మారింది. పత్రికలలో చిన్న ప్రకటనలు ఇచ్చి సుమారు 70 డాలర్లకు సీపీ/ఎంను అమ్మేవారు. వ్యాపార వ్యవహారాలను డొరతీ, సాంకేతిక వ్యవహారాలను గ్యారీ చూసుకునేవారు.

బూట్ చేయడంలోని చిక్కు

కిల్డాల్ చేసిన పని విలువ తెలియాలంటే కంప్యూటర్ ఎలా మొదలవుతుందో కొంత తెలుసుకోవాలి. కరెంటు రాగానే కంప్యూటర్ మెమరీ ఖాళీగా ఉంటుంది. ఆపరేటింగ్ సిస్టం డిస్కుపై ఉంటుంది. డిస్కును చదవాలంటే ఒక ప్రోగ్రాము కావాలి, ఆ ప్రోగ్రాము కూడా డిస్కుపైనే ఉంటుంది. చెట్టు ముందా విత్తు ముందా అన్న ప్రశ్న వంటిదే ఇది. తన బూట్ల పట్టీలను తానే పట్టుకొని పైకి లేచినట్లు అనే ఆంగ్ల నానుడి నుండి ఈ ప్రక్రియకు బూట్‌స్ట్రాప్ అనే పేరు, దాని నుండి బూట్ అనే పొట్టి పేరు వచ్చాయి.

1975 నాటి ఆల్టెయిర్ వంటి యంత్రాలలో ఈ మొదటి ప్రోగ్రామును ముందు పలకపై ఉన్న మీటల ద్వారా ఒక్కొక్క బైటు చొప్పున చేతితో ఎక్కించవలసి వచ్చేది. ఒక్క మీట తప్పితే మరల మొదటికి రావలసిందే. తరువాత ఈ చిన్న ప్రోగ్రామును చెరగని రామ్ చిప్‌లో, అనగా కరెంటు పోయినా నిలిచి ఉండే స్మృతిలో పొందుపరచడం అలవాటయ్యింది.

సీపీ/ఎం ప్రామాణికంగా వాడిన ఎనిమిది అంగుళాల ఫ్లాపీలో 77 వలయాలు, ప్రతి వలయంలో 26 సెక్టార్లు, ప్రతి సెక్టారులో 128 బైట్లు ఉండేవి. మొత్తం సుమారు రెండున్నర లక్షల బైట్లు. ఇందులో మొదటి రెండు వలయాలను సీపీ/ఎం తన కొరకే కేటాయించుకొన్నది. మొదటి వలయంలోని మొదటి సెక్టారులో 128 బైట్లకు మించని ఒక లోడర్ ఉండేది. చిప్‌లోని ప్రోగ్రాము ఆ ఒక్క సెక్టారును మాత్రమే చదివి, అధికారాన్ని దానికి అప్పగించేది. ఆ లోడర్ మిగిలిన సెక్టార్లను చదివి ఆపరేటింగ్ సిస్టంను మెమరీ పైభాగంలో ఎక్కించేది. చిన్నది కొంచెం పెద్దదానిని, అది ఇంకా పెద్దదానిని లేపే ఈ వరుసే నేటి బూట్‌లోడర్లకు కూడా మూలసూత్రం.

బయోస్ రూపకల్పన

ప్రారంభంలో ప్రతి కొత్త కంప్యూటర్‌కు సీపీ/ఎంను ప్రత్యేకంగా మార్చవలసి వచ్చేది. ఒక్కొక్క తయారీదారు వాడే డిస్కు, తెర, కీబోర్డు వేరుగా ఉండడమే దీనికి కారణం. ఐఎంఎస్ఏఐ అనే కంప్యూటర్ తయారీ సంస్థ తన యంత్రాలకు సీపీ/ఎం కావాలని అడిగింది. ఆ సంస్థలో పనిచేసే గ్లెన్ ఈవింగ్ గతంలో కిల్డాల్ విద్యార్థి. ప్రతిసారీ మొత్తం ప్రోగ్రామును తిరగవ్రాయడం విసుగు కలిగించడంతో, యంత్రానికి సంబంధించిన భాగాన్నంతటినీ విడదీసి ఒక చిన్న ముక్కగా చేయాలని కిల్డాల్ నిశ్చయించాడు. ఆ ముక్కకే బేసిక్ ఇన్‌పుట్ అవుట్‌పుట్ సిస్టం, క్లుప్తంగా బయోస్ అని పేరు పెట్టాడు. ఐఎంఎస్ఏఐ సంస్థ సీపీ/ఎం హక్కు కొరకు 25,000 డాలర్లు చెల్లించింది.

ఈ విధంగా సీపీ/ఎం మూడు భాగాలుగా ఏర్పడింది. వాడుకరి ఇచ్చే ఆదేశాలను గ్రహించేది ఒకటి, ఫైళ్ళను నిర్వహించేది రెండవది, యంత్రంతో నేరుగా మాట్లాడే బయోస్ మూడవది. మొదటి రెండు భాగాలు అన్ని కంప్యూటర్లలోనూ ఒకటే. బయోస్ మాత్రమే యంత్రానికి తగినట్లు మారుతుంది. దీనితో ఒక తయారీదారు కొన్ని వందల పంక్తుల ప్రోగ్రాము వ్రాసుకుంటే చాలు, అప్పటికే ఉన్న సీపీ/ఎం సాఫ్ట్‌వేర్ అంతా తన యంత్రంపై నడిచేది. వర్డ్‌స్టార్, డీబేస్ వంటి ప్రసిద్ధ ప్రోగ్రాములు ఈ పునాదిపైనే వ్యాపించాయి. కంప్యూటర్ యంత్రం, సాఫ్ట్‌వేర్ వేరువేరు వ్యాపారాలుగా ఎదగడానికి ఈ విభజనే దారితీసిందని చెప్పవచ్చు. 1981 నాటికి సుమారు 3,000 రకాల కంప్యూటర్లపై సీపీ/ఎం పనిచేసేది. ఆ సంవత్సరం డిజిటల్ రీసెర్చ్ ఆదాయం 54 లక్షల డాలర్లు.

ఐబీఎం వ్యవహారం

1980లో ఐబీఎం సంస్థ రహస్యంగా ఒక చిన్న కంప్యూటర్ తయారీకి పూనుకొన్నది. ఆపరేటింగ్ సిస్టం కొరకు మొదట మైక్రోసాఫ్ట్‌ను సంప్రదించగా, బిల్ గేట్స్ వారిని కిల్డాల్ వద్దకు పంపాడు. ఐబీఎం ప్రతినిధులు పసిఫిక్ గ్రోవ్‌కు వచ్చిన రోజు ఉదయం కిల్డాల్ ముందుగా అనుకొన్న ఒక వ్యాపార పనిమీద తన చిన్న విమానంలో వెళ్ళాడు. ఐబీఎంవారు చర్చలకు ముందు గోప్యతా ఒప్పందంపై సంతకం కోరారు. అది ఏకపక్షంగా ఉన్నదని భావించిన డొరతీ, న్యాయవాది సలహా మేరకు సంతకం చేయడానికి సంకోచించింది.

దీని ఆధారంగా, కిల్డాల్ వినోదం కొరకు విమానంలో తిరుగుతూ జీవితంలోని గొప్ప అవకాశాన్ని పోగొట్టుకున్నాడనే కథ లోకంలో ప్రచారమయ్యింది. నిజానికి ఆయన వెళ్ళినది ఒక ఖాతాదారుకు అందించవలసిన పనిమీద. మధ్యాహ్నానికి తిరిగి వచ్చి చర్చలలో పాల్గొన్నాడని కిల్డాల్ పక్షం చెబుతుంది. ఐబీఎం ప్రతినిధులలో కొందరి జ్ఞాపకం వేరుగా ఉన్నది. ఆ రోజు జరిగిన దానిపై భిన్న కథనాలున్నా, ఒప్పందం కుదరకపోవడానికి ముఖ్య కారణం ధర అని అనేకుల అభిప్రాయం. ఐబీఎం రెండున్నర లక్షల డాలర్లు ఒకేసారి చెల్లించి హక్కు పొందాలని కోరింది. అమ్మిన ప్రతి ప్రతికి రుసుము తీసుకొనే తన పద్ధతిని మార్చుకొనడానికి కిల్డాల్ ఇష్టపడలేదు.

ఐబీఎం తిరిగి మైక్రోసాఫ్ట్ వద్దకు వెళ్ళింది. మైక్రోసాఫ్ట్ సంస్థ సియాటిల్ కంప్యూటర్ ప్రాడక్ట్స్ అనే చిన్న సంస్థ నుండి 86-డాస్ అనే ఆపరేటింగ్ సిస్టంను పొంది, దానినే మార్చి ఐబీఎంకు ఇచ్చింది. టిమ్ ప్యాటర్సన్ వ్రాసిన ఈ 86-డాస్, సీపీ/ఎం ప్రోగ్రాములను సులభంగా మార్చుకొనడానికి వీలుగా సీపీ/ఎం ఆదేశాల వరుసనే అనుసరించింది. ఇతర తయారీదారులకు కూడా అమ్ముకొనే హక్కును మైక్రోసాఫ్ట్ తన వద్దనే ఉంచుకొన్నది. తరువాతి కాలంలో ఆ సంస్థ సంపదకు ఇదే మూలమయ్యింది.

ఈ పోలికలను గమనించిన కిల్డాల్ అభ్యంతరం తెలిపాడు. ఐబీఎం రాజీకి వచ్చి సీపీ/ఎం-86ను కూడా అమ్మడానికి అంగీకరించింది. బదులుగా కిల్డాల్ దావా వేయనని ఒప్పుకొన్నాడు. 1981 ఆగస్టు 12న విడుదలైన ఐబీఎం పీసీకి డాస్ ధర 40 డాలర్లు కాగా, సీపీ/ఎం-86 ధర 240 డాలర్లుగా ప్రకటించారు. ఆరు రెట్లు ఖరీదైనదానిని కొనేవారు తక్కువ కావడంతో డాస్ నిలిచింది, సీపీ/ఎం వెనుకబడింది.

డాస్ రచన సీపీ/ఎంకు నకలా అన్న వివాదం కిల్డాల్ మరణానంతరం కూడా కొనసాగింది. 2004లో హెరాల్డ్ ఎవాన్స్ తన పుస్తకంలో కిల్డాల్‌కు జరిగిన అన్యాయం గురించి వ్రాయగా, ప్యాటర్సన్ పరువునష్టం దావా వేశాడు. 2007లో న్యాయస్థానం దానిని కొట్టివేసింది. 2012లో బాబ్ జైడ్‌మన్ అనే సాఫ్ట్‌వేర్ నిపుణుడు రెండింటి ప్రోగ్రాములను పోల్చి, పంక్తులు నకలు చేసిన ఆనవాళ్ళు లేవని తేల్చాడు. ఆదేశాల వరుసలో పోలిక ఉన్నమాట మాత్రం వాస్తవం.

తరువాతి కృషి

డిజిటల్ రీసెర్చ్ సంస్థ అంతటితో ఆగిపోలేదు. ఒకేసారి పలువురు వాడగల ఎంపీ/ఎం, ఒకేసారి పలు పనులు చేయగల కంకరెంట్ సీపీ/ఎం, బొమ్మలతో నడిచే జెమ్, 1988లో డీఆర్-డాస్ ఈ సంస్థ నుండి వెలువడ్డాయి. డీఆర్-డాస్ పోటీ వలన మైక్రోసాఫ్ట్ తన డాస్‌ను మెరుగుపరచుకొనవలసి వచ్చింది.

కిల్డాల్ 1984లో నాలెడ్జ్‌సెట్ అనే మరో సంస్థను ప్రారంభించాడు. ఈ సంస్థ 1985లో గ్రోలియర్ వారి విజ్ఞాన సర్వస్వాన్ని సీడీ-రామ్‌పై ప్రచురించింది. కంప్యూటర్‌పై చదువుకొనే సీడీ విజ్ఞాన సర్వస్వాలలో ఇదే మొదటిది. 1983 నుండి 1990 వరకు స్టూవర్ట్ షిఫే నిర్వహించిన కంప్యూటర్ క్రానికల్స్ అనే టెలివిజన్ కార్యక్రమానికి సహ వ్యాఖ్యాతగా వ్యవహరించాడు. ఈ కార్యక్రమంలో పోటీదారుల వస్తువులను కూడా నిష్పక్షపాతంగా వివరించేవాడు.

చివరి రోజులు

1983లో కిల్డాల్ దంపతులు విడాకులు తీసుకున్నారు. 1991లో నోవెల్ సంస్థ డిజిటల్ రీసెర్చ్‌ను కొనుగోలు చేసింది. ఈ అమ్మకంతో కిల్డాల్ ధనవంతుడై టెక్సాస్ రాష్ట్రంలోని ఆస్టిన్ నగర శివారుకు మారాడు. విమానాలు, పడవలు, కార్లపై మక్కువ చూపేవాడు. ధనానికి లోటు లేకపోయినా, విమానం కథ మళ్ళీమళ్ళీ వినవలసి రావడం ఈయనను బాధించింది. 1992లో తాను డాక్టరేట్ పొందిన విశ్వవిద్యాలయం కంప్యూటర్ విభాగపు రజతోత్సవంలో ప్రధానోపన్యాసకుడిగా బిల్ గేట్స్‌ను పిలిచి, తనను సభకు రమ్మని మాత్రమే ఆహ్వానించడం ఈయనకు కష్టం కలిగించింది. దాని ఫలితంగా తన జ్ఞాపకాలను వ్రాసి కొద్దిమంది మిత్రులకు పంచాడు. ఆ రచనలోని కొన్ని అధ్యాయాలను కుటుంబ సభ్యుల అనుమతితో కంప్యూటర్ హిస్టరీ మ్యూజియం 2016లో విడుదల చేసింది. చివరి సంవత్సరాలలో ఈయన మద్యపానానికి అలవాటు పడ్డాడు.

1994 జూలై 8న మాంటెరేలోని ఒక పానశాలలో తలకు గాయమయ్యింది. మూడు రోజుల తరువాత జూలై 11న 52 సంవత్సరాల వయసులో మరణించాడు. ఆ గాయం ఏ పరిస్థితులలో తగిలినదీ స్పష్టంగా తేలలేదు. సియాటిల్ నగరంలోని శ్మశానవాటికలో ఈయనను ఖననం చేశారు.

లినక్స్ బూట్‌లోడర్లలో కిల్డాల్ వారసత్వం

ఐబీఎం పీసీలో కూడా యంత్రాన్ని మొదలుపెట్టే చిప్ ప్రోగ్రాముకు బయోస్ అనే పేరే ఉంచారు. సీపీ/ఎంలో బయోస్ డిస్కు నుండి ఎక్కేది, పీసీలో అది చిప్‌లోనే ఉండేది. ఇదే ముఖ్యమైన తేడా. పీసీ బయోస్ డిస్కులోని మొదటి 512 బైట్లను మెమరీలోకి చదివి అధికారం అప్పగిస్తుంది. 128 బైట్ల లోడర్ స్థానంలో 512 బైట్ల లోడర్ వచ్చింది కాని వరుస మారలేదు.

1991లో లినస్ టోర్వాల్డ్స్ లినక్స్‌ను ప్రారంభించినప్పుడు ఈ బయోస్‌పైనే ఆధారపడవలసి వచ్చింది. వెర్నర్ ఆల్మెస్‌బర్గర్ వ్రాసిన లైలో తొలితరం లినక్స్ బూట్‌లోడర్లలో ప్రసిద్ధమైనది. దీనికి ఫైళ్ళ అమరిక తెలియదు. కెర్నల్ డిస్కుపై ఏ సెక్టార్లలో ఉన్నదో ముందే వ్రాసిపెట్టుకొంటుంది. అందువలన కెర్నల్ మార్చిన ప్రతిసారీ లైలో ఆదేశాన్ని తిరిగి నడపవలసి వచ్చేది. మరచినవారి సర్వర్ తరువాతిసారి లేవకపోయేది. 1995లో ఎరిక్ బోలిన్ మొదలుపెట్టిన గ్రబ్ ఫైళ్ళ అమరికను స్వయంగా చదవగలదు. కనుక ఈ ఇబ్బంది తొలగింది. లైలో అభివృద్ధి 2015తో ముగిసింది. గ్రబ్ రెండవ తరం నేడు అత్యధిక లినక్స్ సర్వర్లలో వాడుకలో ఉన్నది.

సర్వర్‌పై గ్రబ్‌ను అమర్చేటప్పుడు గమనించవలసిన విషయాలు ఇవి:

- తయారైన మెనూ ఫైలును చేతితో దిద్దకూడదు. గ్రబ్ అమరికల ఫైలును మార్చి, మెనూను తిరిగి తయారుచేసే ఆదేశం నడపాలి. లేనిచో తరువాతి కెర్నల్ నవీకరణలో మార్పులు చెరిగిపోతాయి.
- పాత కెర్నల్‌ను వెంటనే తీసివేయకూడదు. కొత్తది లేవనప్పుడు పాతదానితో సర్వర్‌ను లేపవచ్చు.
- తెర లేని సర్వర్లకు మెనూ సీరియల్ తీగ ద్వారా కనిపించేలా అమర్చాలి. దూరం నుండి మెనూ చూడడానికి ఇది ఉపయోగపడుతుంది.
- రెండు డిస్కులకు ఒకే సమాచారం వ్రాసే రెయిడ్ పద్ధతిలో బూట్‌లోడర్‌ను రెండు డిస్కులపైనా విడిగా స్థాపించాలి. మొదటి డిస్కు పాడైతే, రెండవదానిలో సమాచారం భద్రంగా ఉన్నా బూట్‌లోడర్ లేక సర్వర్ లేవదు.

ప్రస్తుతం బయోస్ స్థానాన్ని యూఈఎఫ్ఐ ఆక్రమించింది. ఇది 512 బైట్ల పరిమితి లేకుండా, డిస్కుపై ప్రత్యేక విభాగంలో ఫైలుగా ఉండే బూట్‌లోడర్‌ను నేరుగా చదువుతుంది. అయినా వాడుకలో చాలామంది దీనిని కూడా బయోస్ అనే పిలుస్తారు. వరంగల్ నగరంలోని కాశిబుగ్గలో ఒక చిన్న గదిలో నడిచే లినక్స్ సర్వర్ అయినా, పెద్ద డేటా కేంద్రంలోని వేలాది యంత్రాలలో ఒకటైనా, కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ అనుసరించేది ఈ అంచెల వరుసనే. యంత్రానికి సంబంధించినది ఒక ముక్కగా, మిగిలినది వేరుగా ఉండడం వలననే ఒకే లినక్స్ ఇన్ని రకాల యంత్రాలపై లేవగలుగుతున్నది.

గుర్తింపు

1995లో అమెరికాలోని సాఫ్ట్‌వేర్ ప్రచురణకర్తల సంఘం కిల్డాల్‌ను మరణానంతరం సత్కరించింది. 1996లో నోవెల్ నుండి డీఆర్-డాస్‌ను కొన్న కాల్డెరా సంస్థ, మైక్రోసాఫ్ట్ అన్యాయమైన పోటీ పద్ధతులు అవలంబించిందని దావా వేసింది. 2000లో అది రాజీతో ముగిసింది. 2014 ఏప్రిల్ 25న పసిఫిక్ గ్రోవ్‌లో డిజిటల్ రీసెర్చ్ పూర్వ కార్యాలయం వద్ద ఐఈఈఈ సంస్థ స్మారక ఫలకాన్ని ఆవిష్కరించింది. అదే సంవత్సరం సీపీ/ఎం నలభై ఏళ్ళు పూర్తి చేసుకొన్న సందర్భంగా దాని తొలి మూల ప్రోగ్రాములను కంప్యూటర్ హిస్టరీ మ్యూజియం ప్రజలకు అందుబాటులోకి తెచ్చింది. ఎవరైనా వాటిని చదివి, 1970లలో 128 బైట్లలో కంప్యూటర్‌ను ఎలా లేపేవారో తెలుసుకొనవచ్చు.